నొప్పి వేరు, బాధ వేరు: ప్రసవమునకు మనస్సును సిద్ధపరచుకొనుట

మన ఇండ్లలో గర్భాశయపు సంకోచమునకు వేరు పేరు లేదు. వైద్యగ్రంథములలో సంకోచమని వ్రాయుదురు గాని, వాడుకలో "నొప్పులు వచ్చినవి", "నొప్పులు పడుచున్నది", "నొప్పులు ఆగినవి" అనియే చెప్పుకొందుము. బిడ్డను వెలికి తెచ్చుటకు కండరములు చేయు పని నంతటిని మనము నొప్పి అను ఒక్క మాటలో ఇమిడ్చి యుంచితిమి. ఆడపిల్ల చిన్ననాటి నుండియు ఈ మాటనే వినుచు పెరుగును. తాను తొలిచూలు గర్భవతి యైన పిదప, సీమంతమునకు వచ్చిన పెద్దలును ఇరుగుపొరుగు అమ్మలక్కలును తమ కాన్పులనాటి కష్టములను ఆమె యెదుటనే వర్ణించి చెప్పుదురు. రెండు దినములు నరకము చూచితినని ఒకరు, ఆడదానికి పురుడు పునర్జన్మ యని వేరొకరు. వారి మనస్సులో చెడుతలంపు లేదు. కాని నెలలు నిండునప్పటికి ఆ పిల్ల దేహము ప్రసవమునకు సిద్ధమైనను, మనస్సు భయముతో బిగుసుకొని యుండును.

ఈ బిగువును ముందుగనే సడలించుటకు ఒక సాధన కలదు. దానిని స్వీయ సమ్మోహనమందురు. అది ప్రసవమును నొప్పి లేనిదానిగా మార్చునని చెప్పువారి మాటలను నమ్మవలసిన పని లేదు. అది నిష్ప్రయోజనమని త్రోసివేయనక్కరయు లేదు. అది చేయగల మేలేమి, చేయజాలని దేమి అను రెండు సంగతులును ప్రతి కుటుంబమునకు తెలిసియుండుట మంచిది.

సమ్మోహన మనగానే చాలమందికి గారడీ ప్రదర్శన జ్ఞప్తికి వచ్చును. వేదికమీద నొకడు రెప్పవాల్చక చూచును. ఎదుటివాడు సోలిపోయి, చెప్పినట్లెల్ల ఆడును. వైద్యులు ఉపయోగించు సమ్మోహనమునకును దీనికిని పోలిక స్వల్పము. అది నిద్ర కాదు. ఒకరి వశమునకు లోబడుటయు కాదు. ఒక విషయముమీద మనస్సు గాఢముగా లగ్నమై, తక్కినవి దూరమైపోవు స్థితి మాత్రమే అది. ఇట్టి స్థితి రేడియో శ్రోతలకు క్రొత్తది కాదు. పొయ్యిమీద పాలు పెట్టి, ప్రక్కగదిలో నాటకము వినుచు కూర్చున్న గృహిణికి, పాలు పొంగిపోయిన సంగతి మాడువాసన వచ్చు వరకు తెలియదు. ఆమె నిద్రపోలేదు. ఆమె మనస్సు నాటకములోని ఇంటిలో తిరుగుచుండెను. ఆ కథలోని తల్లి ఏడ్చినచో ఈమె కంటను నీరు తిరుగును. దృశ్యము కల్పితమే, కన్నీరు మాత్రము నిజము.

స్వీయ సమ్మోహనమునందలి పనులు ఈ రెండే. మనస్సును తనంతట తాను ఒకచోట నిలుపుట మొదటిది. అచ్చట తనకు హితమైన దృశ్యమును భావించుకొనుట రెండవది. ఊహకు దేహము లోబడునా యని సందేహించువారు ఇప్పుడే కన్నులు మూసికొని, ఉప్పుకారము లద్దిన పుల్లమామిడి ముక్కను తలచుకొనవచ్చును. నోట నీరూరుటకు మామిడికాయ అవసరము లేదు.

ఈ విద్యకు వైద్యముతో పరిచయము నేటిది కాదు. మన దేశమునకు కూడ దీనితో పాత సంబంధము కలదు. 1845లో బెంగాలునందలి హుగ్లీలో జేమ్స్ ఎస్డెయిల్ అను స్కాట్లండు శస్త్రవైద్యుడు, మత్తుమందులు ఇంకను వాడుకలోనికి రాని ఆ కాలమున, మెస్మెరిజమను పేరుగల పద్ధతిచే రోగులను మైమరపు స్థితికి తెచ్చి శస్త్రచికిత్సలు చేసెను. మరుసటి సంవత్సరమున కలకత్తాలో ఆ పద్ధతిని పరీక్షించుటకై ఒక చిన్న ఆసుపత్రియు ఏర్పడెను. అంతకు ముందే, 1843లో, మాంచెస్టరు వైద్యుడైన జేమ్స్ బ్రెయిడ్ తన గ్రంథము ద్వారా హిప్నాటిజమను శాస్త్రీయ నామమును వ్యాప్తిలోనికి తెచ్చెను. ఇందులో అద్భుతశక్తి యేదియు లేదనియు, ఇది ఏకాగ్రతకు సంబంధించిన స్థితి యనియు ఆయన వాదించెను. ఇంతలో 1846లో ఈథరును, 1847లో క్లోరోఫారమును వచ్చినవి. ఎడింబరోలో సింప్సన్ అను వైద్యుడు 1847లోనే ప్రసవవేళ క్లోరోఫారమును వాడెను. మత్తుమందు నిమిషములలో పనిచేయును. సాధనతో నిమిత్తము లేక పనిచేయును. సమ్మోహనము వెనుకబడుట సహజమే.

ఇరువదవ శతాబ్దమున ప్రశ్న వేరొక రూపమున మరల వచ్చెను. ఇంగ్లండు ప్రసూతివైద్యుడైన గ్రాంట్లీ డిక్-రీడ్ 1933లో సహజ ప్రసవమును గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. ఆయన చెప్పిన సూత్రము మూడు మాటలలో ఉన్నది: భయము, బిగువు, నొప్పి. భయపడిన స్త్రీ బిగుసుకొనును; బిగుసుకొన్న దేహమున నొప్పి హెచ్చును; హెచ్చిన నొప్పి మరల భయమును పెంచును. ఈ చక్రమును ఎక్కడనో ఒకచోట త్రెంచవలెననియు, భయమువద్ద త్రెంచుట సులభమనియు ఆయన తలచెను. గర్భాశయ కండరములను గూర్చి ఆయన ఇచ్చిన వివరణ నంతటిని తరువాతి శాస్త్రము అంగీకరింపలేదు. కాని మూలమైన మాట నిలిచినది. గర్భాశయమును సంకోచింపజేయునది ఆక్సిటోసిన్ అను స్రావము. భయము కలిగినపుడు రక్తములో అడ్రినలిన్ హెచ్చును. అడ్రినలిన్ మితిమీరినచో గర్భాశయ సంకోచములు మందగించును, గుండె వేగముగా కొట్టుకొనును, ఊపిరి పైపైన ఆడును, స్త్రీ త్వరగా అలసిపోవును. కావున భయమును తగ్గించుట మనస్సునకు ఓదార్పు మాత్రమే కాదు, దేహము చేయు పనికి దారి యిచ్చుట కూడ.

ఇక నొప్పి సంగతి. మన తెలుగులో నొప్పి యనియు బాధ యనియు రెండు మాటలు కలవు. ఈ రెంటికి గల భేదమును చూపిన ఒక చక్కని పరీక్ష 1997లో కెనడాలోని మాంట్రియల్ నగరమున జరిగెను. సమ్మోహన స్థితిలోనున్న వారిచేత చేతిని నొప్పి పుట్టించునంత వేడినీటిలో పెట్టించిరి. నీటివేడిని మార్చక, ఆ నొప్పి అంతగా అప్రియముగా లేదని ఒకసారియు, మరింత అప్రియముగా ఉన్నదని ఇంకొకసారియు సూచించిరి. ఆ సమయమున మెదడులోని రక్తప్రసారమును యంత్రముద్వారా పరిశీలింపగా, స్పర్శను గ్రహించు భాగమున మార్పు కానరాలేదు. నొప్పిలోని దుర్భరత్వముతో సంబంధముగల మరొక భాగమున మాత్రము సూచన ననుసరించి మార్పు కనబడెను. చేతికి తగులు వేడి యంతయు తగులుచునే యున్నది. అది మనస్సును పీడించు తీరు మారినది. నొప్పి ఉండియు బాధ తగ్గవచ్చునని దీని తాత్పర్యము. స్వీయ సమ్మోహనము చేయగల మేలు ప్రధానముగా ఇచ్చటనే యున్నది.

సాధన ఎట్లు చేయవలెనో ఇప్పుడు చెప్పుకొందము. 32వ వారమున ఆరంభించినచో సుమారు రెండు నెలల వ్యవధి దొరకును. దినమునకు 20 నిమిషములు, సాధ్యమైనంతవరకు ఒకే వేళ, ఎవరును పిలువని గదిలో కూర్చుండవలెను. పొయ్యిమీద ఏదియు పెట్టి రాకూడదు. ఈ నెలలలో వెల్లకిల పరుండరాదు. గర్భపు బరువు వెనుకనున్న పెద్ద రక్తనాళములను అదుమును. ఎడమప్రక్కకు ఒత్తిగిలి, మోకాళ్ల నడుమ దిండు పెట్టుకొని పరుండవచ్చును; లేదా వీపునకు ఆనుడు పెట్టుకొని కూర్చుండవచ్చును.

మొదటి పని ఊపిరి. ముక్కుతో మెల్లగా పీల్చి, పీల్చినదానికంటె ఎక్కువసేపు విడువవలెను. నాలుగంకెలు లెక్కించునంతసేపు పీల్చినచో ఆరంకెలు లెక్కించునంతసేపు విడువవచ్చును. ఊపిరి బిగబట్టరాదు. రెండవ పని కండరములను సడలించుట. అమెరికా వైద్యుడైన ఎడ్మండ్ జేకబ్‌సన్ 1929లో ప్రకటించిన పద్ధతి దీనికి మిక్కిలి అనువైనది. పిడికిలిని గట్టిగా బిగించి, కొంచెముసేపుంచి, ఒక్కసారిగా వదలవలెను. బిగువునకును సడలికకును గల భేదము అప్పుడు చేతికే తెలియును. అట్లే భుజములు, నుదురు, దవడ, తొడలు, వరుసగా బిగించి వదలవలెను. పాదములను మాత్రము ముందునకు గట్టిగా చాచరాదు, పిక్కలు పట్టుకొనును. దవడను ప్రత్యేకముగా గమనింపవలెను. భయము కలిగినపుడు మనకు తెలియకుండనే బిగుసుకొను చోటు అది.

దేహము సడలిన పిదప మనస్సును లోనికి తీసికొనిపోవలెను. ఒక కోనేటి మెట్లు దిగుచున్నట్లు భావించుట మనవారికి సులభము. పది మెట్లు. ఒక్కొక్క మెట్టునకు ఒక్కొక్క ఊపిరి. దిగినకొలది నీడ చల్లబడును, పైనున్న సందడి దూరమగును. పదియవ మెట్టున కాళ్లు నీటిలో పెట్టుకొని కూర్చున్నట్లు తలపవలెను. కోనేరే కావలెనని నియమము లేదు. పుట్టింటి పెరడు గాని, చిన్ననాడు ఆడుకొన్న చెరువుగట్టు గాని, తనకు నిర్భయముగా తోచు చోటు ఏదైనను సరిపోవును. కంటికి కనబడునది మాత్రమే కాక, అచ్చటి వాసనను, చప్పుడును, చల్లదనమును కూడ భావించినకొలది ఊహకు బలము హెచ్చును.

ఆ స్థితిలో మూడు భావనలను అభ్యసించవచ్చును. మొదటిది మొద్దుబారిన చేయి. ఊహకు ముందు ఒకసారి నిజముగనే మంచుగడ్డలు వేసిన నీటిలో అరనిమిషము చేయి ముంచి, అది మొద్దుబారు తీరును గుర్తుంచుకొనవలెను. తరువాత నీరు లేకుండనే ఆ అనుభవమును చేతికి రప్పించుకొని, ఆ చేతిని పొట్టమీద, నడుముమీద ఉంచి, ఆ మొద్దుదనము అచ్చటికి ప్రాకుచున్నట్లు భావింపవలెను. రెండవది తెరచుకొను భావన. ప్రసవపు మొదటి దశలో గర్భాశయ ద్వారము క్రమముగా 10 సెంటీమీటర్ల వరకు తెరచుకొనవలసి యుండును. తెల్లవారుజామున తామరమొగ్గ ఒక్కొక్క రేకే విప్పారుచున్నట్లు తలచుట చాలమందికి హాయిని కలిగించును.

మూడవది అల. ఇది అన్నిటిలోను ముఖ్యము. నొప్పి అను మాటకు బదులుగా అల అను మాటను అలవరచుకొనుట ఇందలి మర్మము. సంకోచము ఒక్కసారిగా వచ్చి నిలిచిపోవునది కాదు. అల వలె లేచును, శిఖరమునకు చేరును, దిగిపోవును. ప్రసవము బాగుగా సాగునపుడు అది ఇంచుమించు ఒక నిమిషముండును. నాలుగు నిమిషముల కొకసారి వచ్చుచున్నచో, గంటలో 15 నిమిషములు పని, 45 నిమిషములు విశ్రాంతి. చివరి భాగమున అలలు దగ్గరదగ్గరగా వచ్చును. అయినను నడుమ విరామముండును. భయపడిన స్త్రీ ఆ విరామమంతయు రాబోవు నొప్పికై ఎదురుచూచుటలో గడుపును. సాధన చేసిన స్త్రీ ఆ కొద్ది నిమిషములును తన కోనేటి మెట్టుమీద కూర్చుండగలదు. దీర్ఘమైన తొలికాన్పులో ఈ భేదము స్వల్పమైనది కాదు.

తనకు తాను చెప్పుకొను మాటలను కూడ ముందే ఏర్పరచుకొనవలెను. "నాకు నొప్పి కలుగదు" అను మాట తగదు. అది నిజము కాకపోవచ్చును. పైగా నొప్పి యను మాటనే మనస్సునకు మరల మరల వినిపించును. "నా దవడ సడలుచున్నది, నా భుజములు సడలుచున్నవి", "ఈ అల వచ్చును, పోవును", "నా బిడ్డ నా దగ్గరకు వచ్చుచున్నది" ఇట్టి చిన్న మాటలు మేలు. ఈ మాటలు చెప్పుకొనునపుడు బొటనవ్రేలిని చూపుడువ్రేలితో తాకించు అలవాటు చేసికొన్నచో, ప్రసవపు గదిలో ఆ గుర్తే మనస్సును పిలుచుకొని వచ్చును. ముగించునపుడు ఒకటి నుండి ఐదు వరకు లెక్కించి, చేతులు చాచి, కన్నులు తెరవవలెను. మొదటి దినములలో మనస్సు నిలువదు, విసుగు చెందరాదు. తల్లి గాని, భర్త గాని నెమ్మదిగా చెప్పిన మాటలను చేతిఫోనులో ముద్రించుకొని వినుట చాల ఉపకరించును. పరిచితమైన కంఠము మనస్సును త్వరగా కుదుటపరచును.

ఇంత చేసిన పిదప ఫలితమేమి? ఈ విషయమై పెద్దయెత్తున పరీక్షలు జరిగినవి. డెన్మార్కులో తొలిచూలు స్త్రీలు 1222 మందితో జరిపిన పరీక్ష 2013లో వెలువడెను. ఇంగ్లండులో 680 మంది తొలిచూలు స్త్రీలలో కొందరికి 32వ, 35వ వారముల ప్రాంతమున స్వీయ సమ్మోహనము నేర్పి, ఇంటివద్ద వినుటకు ధ్వనిముద్రణ నిచ్చిరి. ఆ ఫలితములు 2015లో వెలువడినవి. వెన్నులో ఇచ్చు ఎపిడ్యూరల్ మత్తును నేర్చినవారిలో నూటికి సుమారు 28 మంది, నేర్వనివారిలో సుమారు 30 మంది తీసికొనిరి. ఇది లెక్కింపదగిన భేదము కాదు. డెన్మార్కులో కూడ మత్తు తీసికొనుట తగ్గలేదు. అయినను ఇంగ్లండులో సాధన చేసినవారు, ప్రసవమైన రెండు వారములకు అడిగినపుడు, తాము ముందు ఊహించినదానికంటె భయమును ఆందోళనయు తక్కువగా ఉండెనని ఎక్కువగా చెప్పిరి. డెన్మార్కులో సాధన చేసిన స్త్రీలు తమ ప్రసవానుభవమును మెరుగైనదిగా తలచిరి. 2016లో తొమ్మిది పరీక్షలను, 2954 మంది స్త్రీలను కలిపి చేసిన సమీక్షలో, సమ్మోహనము నేర్చినవారు మొత్తముమీద నొప్పిమందులను కొంత తక్కువగా వాడిరనియు, ఎపిడ్యూరల్ విషయమున మాత్రము తేడా లేదనియు తేలెను. ఈ లెక్కలన్నియు ఒకే సంగతి చెప్పుచున్నవి: నొప్పిమీద దీని అధికారము కొంచెము, భయముమీద అంతకంటె ఎక్కువ.

కావున ఒక హెచ్చరిక అవసరము. ఈ సాధన చేసినవారికి మందు అక్కరలేదని గాని, శస్త్రచికిత్స రాదని గాని ఎవరైనను చెప్పినచో నమ్మరాదు. అట్టి మాట నమ్మిన స్త్రీ, తీరా మత్తు కోరవలసివచ్చినపుడు, తన మనస్సు బలహీనమైనదని తనను తాను నిందించుకొనును. భయమును పోగొట్టుటకు నేర్చిన విద్య అవమానమునకు కారణము కారాదు. మత్తు అడుగుట ఓటమి కాదు. సిజేరియన్ అవసరమైనచో ఆ బల్లమీద కూడ ఇదే ఊపిరి, ఇదే కోనేరు తోడుండును; అచ్చట వాటి అవసరము మరింత హెచ్చు.

నొప్పి కొన్నివేళల వార్తాహరుడు కూడ. రక్తస్రావము, ఉమ్మనీరు పోవుట, బిడ్డ కదలిక తగ్గుట, చూపు మసకతో కూడిన తీవ్రమైన తలనొప్పి, జ్వరము, మూర్ఛ, విరామము లేక నిలిచిపోయిన కడుపునొప్పి, వీటిలో ఏది కనబడినను కన్నులు మూసికొని సాధనకు కూర్చుండరాదు. తక్షణమే ఆసుపత్రికి పోవలెను. మునుపు తీవ్రమైన మానసిక వ్యాధి కలిగినవారును, మూర్ఛరోగము గలవారును వైద్యుని అడుగక ఈ సాధన ఆరంభింపరాదు. నెలనెల పరీక్షలకు గాని, ఆసుపత్రి కాన్పునకు గాని ఇది బదులు కాదు; వాటికి తోడు మాత్రమే.

కడపటి మాట కుటుంబమువారికి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సిఫారసులలో, నొప్పి నుండి ఉపశమనము కోరు ఆరోగ్యవంతులగు స్త్రీలకు వారి ఇష్టము ననుసరించి ఊపిరి సాధన, కండరముల సడలింపు మొదలగువానిని సూచించెను. స్త్రీ కోరిన మనిషి ప్రసవవేళ ప్రక్కన ఉండవలెననియు చెప్పెను. మన దేశమున ప్రభుత్వాసుపత్రులలో ఒక స్త్రీ బంధువు తోడుండుటకు వీలు కల్పించుచు భారత ప్రభుత్వము 2016లో మార్గదర్శకముల నిచ్చెను. ఆ తోడు ఎవరైనను, తల్లి గాని అత్త గాని అక్క గాని, ఆ చూలాలు ఇంట చేసిన సాధనను ముందే చూచి నేర్చుకొనియుండవలెను. నొప్పుల నడుమ స్త్రీకి తాను నేర్చినది మరపునకు రావచ్చును, ప్రక్కనున్నవారు గుర్తుచేయవలెను.

చూలాలి చెవిలో మనము వేయు ప్రతి మాటయు ఒక సూచనయే. నరకము చూచితిమని తొమ్మిది నెలలు వినిపించుటయు ఒక విధమైన సమ్మోహనమే. దానిని మనము తెలియక చేయుచున్నాము. అనుభవముగల పెద్దలు నిజము దాచనక్కరలేదు. కష్టము కలదని చెప్పుదురు గాక; అది అల వలె వచ్చి పోయెననియు, నడుమ విరామముండెననియు, పిదప బిడ్డ ఒడిలోనికి వచ్చెననియు కూడ చెప్పవలెను. అదియు నిజమే కదా. ఆ గడియ వచ్చినపుడు "ఇంకను నొప్పి హెచ్చునే" అని కంగారుపడుటకు బదులు, నుదుటిమీద చేయి వేసి, "అల వచ్చుచున్నది తల్లీ, దవడ వదులు, ఊపిరి మెల్లగా విడువు" అని చెప్పగల మనిషి ప్రక్కన ఉన్నచో, రెండు నెలల సాధన వ్యర్థము కాదు.